తెరపై అక్షరం, తెర వెనుక సంఖ్య

ఒకప్పుడు కువైట్ నుండి కడపకు, గోదావరి జిల్లాలకు ఉత్తరాలలో సాగిన క్షేమసమాచారాలు నేడు సెల్‌ఫోన్‌లోనే సాగుతున్నాయి. అక్కడ తెలుగు వ్రాయడం, దిద్దడం ఎట్లు సాధ్యమవుతున్నదో తెలిసికొనుట ఆసక్తికరం.

ఫోను అక్షరాలను బొమ్మలుగా దాచదు. యూనికోడ్ అనే అంతర్జాతీయ ప్రమాణం 1991లోనే తెలుగు అచ్చులకూ, హల్లులకూ, గుణింతపు గుర్తులకూ సంఖ్యలు కేటాయించింది. వత్తులకు ప్రత్యేక సంఖ్యలు లేవు. రెండు హల్లుల నడుమ పొల్లు చేరితే రెండవది వత్తుగా మారుతుంది. 'స్త్రీ' అనేది కంటికి ఒకే అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంఖ్యల వరుస. పరమాణువుల కలయికతో అణువు ఏర్పడినట్లే ఈ ఆరింటి కలయికతో అక్షరం ఏర్పడుతున్నది.

కేవలం చదువుటకైతే ఆ వరుసను ఒకసారి బొమ్మగా మలిస్తే చాలును. దిద్దుటకు వీలుండవలెనన్న పని మూడింతలు: సంఖ్యల వరుసను భద్రపరచాలి, మీట నొక్కినప్పుడెల్లా బొమ్మను తిరిగి కూర్చాలి, కర్సర్‌ను సరియైన చోట నిలపాలి. కర్సర్ అక్షరం మధ్యలో నిలువరాదు. చెరిపేటప్పుడు మాత్రం అనేక ఫోన్లలో చివరి గుర్తొక్కటే పోతుంది; 'స్త్రీ' కాస్తా 'స్త్ర' అవుతుంది. గుణింతం తప్పినంత మాత్రాన అక్షరమంతా తిరిగి వ్రాయనక్కరలేదు.

అక్షరం ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్నకు సమాధానం సులభం కాదు. యూనికోడ్ సాధారణ నియమం ప్రకారం 'స్త్రీ' చాలాకాలం స్, త్, రీ అని మూడు ముక్కలుగా లెక్కకు వచ్చేది. 2023లో వెలువడిన 15.1 సంచికలోనే అది ఒకే ముక్కగా గుర్తింపు పొందింది.

ఈ కూర్పులో లోపముంటే ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూచింది. 'జ్ఞ'కూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు గల వరుసను చూపబోయి, ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లు మూతపడినవి. ఐఓఎస్ 11.2.5లోని ఈ దోషాన్ని ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6 సవరించింది. పత్రికలు 'తెలుగు అక్షరం ఫోన్లను కూల్చింది' అన్నట్లు వ్రాసినా, దోషం లిపిది కాదు, దానిని కూర్చిన సాఫ్ట్‌వేర్‌ది.

ప్రవాసంలో పెరిగే పిల్లలకు తెలుగు వ్రాత తరచూ ఫోనులోనే అలవడుతుంది. అక్కడ అక్షరం విరిగిపోతే వారు ఆంగ్ల లిపిలోనికి మళ్ళుతారు. కనుక లోపం కనబడినప్పుడు సరిపెట్టుకొనక, తయారీదారులకు తెలియజేయడం తెలుగువారందరి బాధ్యత. వాడేవారు అడిగిన భాషకే యంత్రం అలవాటు పడుతుంది.