మన్యం చలిలో మూడు రాత్రులు

పాడేరు: క్రిస్మస్ సెలవులకు మన్యం వచ్చేవారిలో చాలామంది కారు దిగి, ఫొటోలు తీసుకుని, చీకటి పడేలోగా కొండ దిగిపోతారు. విశాఖకు చెందిన ఓ దంపతులు మాత్రం రెండు గేర్ల సైకిళ్లు, ఓ గుడారం వెంట తెచ్చుకున్నారు. అరకు నుంచి లంబసింగి దాకా నాలుగు పగళ్లు, మూడు రాత్రులు ఆరుబయటే గడిపారు. ఆయన బ్యాంకు ఉద్యోగి, ఆమె ఉపాధ్యాయిని. ఇద్దరికీ యాభై దాటాయి. కొడుకు ఉద్యోగానికి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది ఇద్దరే. "టీవీ ముందు కూర్చునే కంటే ఇది నయం కదండీ!" అని ఆమె నవ్వుతూ ఈ విలేకరితో చెప్పారు.

అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు సుమారు 45 కిలోమీటర్లు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక పాడేరే జిల్లా కేంద్రం. చాపరాయి వద్ద వాగు ఒడ్డున కట్టు తెచ్చుకున్న పులిహోర తిన్నారు. వలిసె పూల పసుపు అప్పటికే తగ్గింది. కాఫీ తోటల్లో మాత్రం పండ్ల కోత జోరుగా సాగుతోంది. తారు రోడ్డు వదిలి తోటల నడుమ ఎర్రమట్టి బాటల్లో తొక్కడమే అన్నిటికంటే బాగుందని ఆయన అన్నారు.

కుంపటి వద్దన్న వృద్ధురాలు

మొదటి రాత్రి హుకుంపేట దాటాక ఓ పల్లెలో, అడిగి, ఒకరి పెరట్లో గుడారం వేసుకున్నారు. పొద్దు గూకీ గూకకముందే చలి మొదలైంది. ఆ ఇంటివారు చలిమంట వేశారు. పడుకునే వేళ ఆయన నిప్పులను ఓ కుండపెంకులోకి ఎత్తి గుడారంలోకి తీసుకుపోబోయారు. ఆ ఇంటి వృద్ధురాలు అడ్డుపడింది.

"బొగ్గులు లోపలెట్టుకోకండి బాబూ. నిద్దర్లోనే పోతారు!"

గుడ్డ కాస్త తెరిచి ఉంచుతానని ఆయన వాదించారు. "ఏమండీ, ఆవిడ మాట వినండి" అని భార్య నిప్పులు కింద పెట్టించారు.

ఆ వృద్ధురాలి మాట అక్షరాలా నిజం. మూసిన చోట బొగ్గులు మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువు చేరవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, కళ్లు తిరగడం తెలుస్తాయి. నిద్రపోతున్నవారికి ఏమీ తెలియదు. గుడారం గుడ్డ కాస్త తెరిచి ఉంచినంత మాత్రాన ఆ ప్రమాదం తప్పదు.

నిప్పులకు బదులు ఆమె నాలుగు మోపుల ఎండుగడ్డి తెచ్చి పరిపించింది. ఒంట్లోని వేడిని నేల లాగేయకుండా గడ్డి కాపాడింది. పొడి మేజోళ్లు, ఉన్ని టోపీ, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా తోడయ్యాయి. రాత్రి గడిచింది.

మబ్బులు కాళ్ల కింద

రెండో రాత్రి వనజంగి కొండ దిగువన మకాం. తెల్లవారకముందే టార్చిలైట్లతో కొండెక్కారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. చల్లగాలి బరువు కనుక లోయలోకి జారి, అక్కడి తేమ మంచుగా మారుతుంది. అందుకే పైన నిలుచున్నవారికి మబ్బుల సముద్రం కాళ్ల కింద కనిపిస్తుంది. అయితే ఎక్కేటప్పుడు పట్టిన చెమటతో ఆయన నూలు చొక్కా తడిసింది. శిఖరం మీద గాలికి ఒణుకు పట్టుకుంది. సంచిలోంచి పొడి చొక్కా తీసి మార్పించేదాకా ఆమె సూర్యోదయం వైపు చూడనే లేదట!

అక్కడి నుంచి సైకిళ్లను జీపు మీద వేసుకుని చింతపల్లి చేరి, మళ్లీ తొక్కుతూ లంబసింగి వెళ్లారు. ఈ ఊరికి కొర్రబయలు అనే పేరూ ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని అలా పిలుస్తారంటారు. నాలుగో రోజు మంచు విడిచి, రోడ్డు స్పష్టంగా కనిపించాకే నర్సీపట్నం వైపు ఘాట్ దిగారు. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. అందుకే వదిలి వదిలి పట్టుకుంటూ, ముందు వెనుక బ్రేకులు రెండూ వాడుతూ నెమ్మదిగా వచ్చారు.

సెలవులకు మన్యం వచ్చేవారు పల్లెల్లో అనుమతి అడిగి గుడారం వేసుకోవడం, తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకుపోవడం, మంటను నీళ్లు పోసి ఆర్పడం మరవరాదు. అన్నిటికంటే ముఖ్యం, మనకు నాలుగు రోజుల వేడుకైన ఈ చలిలో ఏటా బతికేవారి మాట వినడం.

గడ్డికి డబ్బులిస్తే ఆ వృద్ధురాలు మొదట వద్దంది. బలవంతపెడితే తీసుకుంది. కానీ ఆ దంపతులకు గుర్తుండిపోయింది అది కాదు. మొదటి రాత్రి తెల్లవారుజామున గుడారం గుడ్డ ఎవరో పైకెత్తిన అలికిడికి ఆమె కళ్లు తెరిచారు. చూస్తే ఆ వృద్ధురాలే. లోపల ఇద్దరూ కదలడం కళ్లారా చూశాకే, బుట్ట తీసుకుని కాఫీ కోతకు వెళ్లిపోయింది.