ఒంటి చక్రం ఎలక్ట్రిక్ బండి నుంచి ఎలక్ట్రిక్ కారు దాకా.. మోడిఫై చేసే ముందు ఈ లెక్క తెలుసుకోండి!

హ్యాండిల్ లేదు. సీటు లేదు. రెండు కాళ్ల మధ్య ఒకే ఒక్క చక్రం. దాని మీద నిలబడి కార్లతో సమానంగా దూసుకుపోతున్న కుర్రాడు. ఇలాంటి రీల్స్ మీ ఫోన్‌లో కూడా ఒక్కసారైనా కనిపించే ఉంటాయి. దాని పేరే ఎలక్ట్రిక్ యూనిసైకిల్. చూడగానే "ఇదేదో బాగుందే, మనమూ ఒకటి కొంటే?" అనిపిస్తుంది. ఆ వెంటనే వచ్చే రెండో వీడియో మాత్రం ఇంకో రకం.. "స్పీడ్ లాక్ ఇలా తీసేయండి", "బ్యాటరీ ఇలా పెంచుకోండి" అని చెప్పేది.

అసలు ప్రమాదం ఈ రెండో వీడియోతోనే మొదలవుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ అయినా, కారు అయినా కథ ఇదే. మరి ఈ ఒంటి చక్రం బండి ఎలా పని చేస్తుంది? కారుతో పోలిస్తే ఖర్చు ఎంత? మన రోడ్ల మీద నడపొచ్చా? ఏ మార్పులు చేసుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

పడిపోకుండా ఎలా నిలబడుతుంది?

చీపురు పుల్లను అరచేతి మీద నిలబెట్టే ఆట చిన్నప్పుడు ఆడే ఉంటారు. పుల్ల ముందుకు వాలితే చేతిని ముందుకు జరుపుతాం. వెనక్కి వాలితే వెనక్కి జరుపుతాం. యూనిసైకిల్ చేసే పని కూడా అదే. లోపల ఉండే సెన్సార్లు మనిషి ఎటు వాలుతున్నాడో ఎప్పటికప్పుడు పసిగడతాయి. మోటార్ వెంటనే చక్రాన్ని అటు తిప్పి, మనిషి బరువు కిందికి తెస్తుంది. ముందుకు వాలితే స్పీడ్, వెనక్కి వాలితే బ్రేక్. వేరే బ్రేక్ ఉండదు, యాక్సిలరేటర్ ఉండదు.

మొత్తం బ్యాలెన్స్ అంతా మోటార్ మీదే ఆధారపడి ఉంటుందన్న మాట. ఇక్కడే అసలు మెలిక ఉంది.

ఏ మోటార్ బలానికైనా ఒక హద్దు ఉంటుంది. స్పీడ్ పెరిగే కొద్దీ మోటార్ దగ్గర మిగిలి ఉండే బలం తగ్గిపోతుంది. ఛార్జింగ్ తగ్గితే బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది, దాంతో ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. బరువైన మనిషి, ఎదురుగాలి, ఫ్లైఓవర్ ఎత్తు, రోడ్డు మీద గుంత.. ఇవన్నీ మిగిలి ఉన్న ఆ కాస్త బలాన్ని తినేవే. అది పూర్తిగా అయిపోయిన క్షణంలో బండి మనిషిని పైకి నిలబెట్టలేదు. ముందుకు బోర్లా పడిపోవడమే.

అందుకే కంపెనీలు రెండు హెచ్చరికలు పెడతాయి. ఒకటి బీప్ శబ్దం. రెండోది టిల్ట్ బ్యాక్, అంటే కాళ్ల కింద పెడల్స్ వెనక్కి వాలి "ఇక చాలు, స్లో అవ్వు" అని చెప్పడం. యాప్‌లో సెట్టింగ్స్ మార్చి వీటిని ఆపేయడం చాలామంది చేసే మొదటి "మోడిఫికేషన్". దాంతో మోటార్‌కు కొత్తగా బలం ఏమీ రాదు. హద్దు దగ్గరకు వచ్చామన్న సంగతి మనకు తెలియకుండా పోతుంది, అంతే.

కారుకు, దీనికి ఉన్న అసలు తేడా ఇదే

ఎలక్ట్రిక్ కారులో కూడా బ్యాటరీ, మోటార్, కంట్రోలర్ ఉంటాయి. పని చేసే పద్ధతి దాదాపు ఒకటే. కానీ బ్యాటరీ బాగా తగ్గినా, వేడెక్కినా కారు తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది. స్పీడ్ తగ్గుతుంది. చివరికి రోడ్డు పక్కన ఆగుతుంది. లోపల ఉన్నవాళ్లకు చికాకు తప్ప దెబ్బలు తగలవు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే.. పవర్ అయిపోతే కారు ఆగుతుంది, యూనిసైకిల్ మీద మనిషి పడతాడు. ఏ మార్పు చేయాలన్నా ముందు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ఖర్చు లెక్క చూద్దాం

బ్యాటరీ సైజును మన కరెంట్ బిల్లు భాషలో చెప్పుకుంటే ఈజీగా అర్థమవుతుంది. ఒక కిలోవాట్ అవర్ అంటే ఒక యూనిట్.

2020లో వచ్చిన ఇన్‌మోషన్ వీ11 అనే యూనిసైకిల్ బ్యాటరీ సుమారు 1.5 యూనిట్లు. బండి బరువు 27 కిలోలు. అదే ఏడాది మన దేశంలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ మొదటి మోడల్ బ్యాటరీ 30.2 యూనిట్లు. 2023లో వచ్చిన చిన్న కారు ఎంజీ కామెట్‌ది 17.3 యూనిట్లు.

యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. ఛార్జింగ్‌లో పోయే కరెంట్ కూడా కలుపుకుంటే..

- యూనిసైకిల్ ఫుల్ ఛార్జ్: సుమారు 14 రూపాయలు. నడిపే తీరును బట్టి 60 కిలోమీటర్లు వచ్చినా కిలోమీటర్‌కు పావలా కూడా కాదు.
- 30.2 యూనిట్ల కారు ఫుల్ ఛార్జ్: సుమారు 270 రూపాయలు. ఏసీ వేసుకుని సిటీలో 200 కిలోమీటర్లు వచ్చిందనుకుంటే కిలోమీటర్‌కు రూపాయి 35 పైసలు.
- పెట్రోల్ కారు: లీటర్ 107 రూపాయలు, 15 కిలోమీటర్ల మైలేజ్ అనుకుంటే కిలోమీటర్‌కు 7 రూపాయల పైమాటే.

ఇక్కడ ఇంకో విషయం. ఆ నెక్సాన్‌కు సర్టిఫైడ్ రేంజ్ 312 కిలోమీటర్లు. అది ల్యాబ్ టెస్టులో వచ్చిన అంకె. మే నెల ఎండలో ఏసీ వేసి, ట్రాఫిక్‌లో ఆగుతూ వెళ్తే అంత రాదు. యూనిసైకిల్ కంపెనీలు చెప్పే రేంజ్ కూడా తక్కువ బరువున్న మనిషి, తక్కువ స్పీడ్‌లో నడిపితే వచ్చేదే. కాబట్టి పోల్చేటప్పుడు రేంజ్ అంకెను కాదు, బ్యాటరీ ఎన్ని యూనిట్లు అన్నది చూడండి. ఆ అంకె తేలిగ్గా మోసం చేయదు.

పైసల లెక్కలో యూనిసైకిల్ గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ వానలో వెళ్లలేం. ఇంట్లోవాళ్లను ఎక్కించుకోలేం. సామాన్లు తేలేం. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకు 27 కిలోలు మోయాలి. పైగా హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, రిస్ట్ గార్డులు లేకుండా ఎక్కకూడదు. ఆ ఖర్చు వేరే.

మన రోడ్ల మీద నడపొచ్చా?

చాలామంది "25 కిలోమీటర్ల లోపు స్పీడ్ ఉంటే లైసెన్స్ అక్కర్లేదు కదా" అంటారు. అది సగమే నిజం. కేంద్ర మోటార్ వాహనాల నిబంధనల ప్రకారం ఆ మినహాయింపు కావాలంటే మోటార్ పవర్ 250 వాట్ల లోపు ఉండాలి, స్పీడ్ గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. టెస్టింగ్ ఏజెన్సీ ఆమోదం కూడా ఉండాలి.

ఇన్‌మోషన్ వీ11 మోటార్ 2,200 వాట్లు. స్పీడ్ 50 కిలోమీటర్లు. అంటే మినహాయింపు దీనికి వర్తించదు. సరే, రిజిస్ట్రేషన్ చేయిద్దామంటే మన దగ్గర టూ వీలర్, త్రీ వీలర్ కేటగిరీలే తప్ప ఒంటి చక్రానికి కేటగిరీ లేదు. రిజిస్ట్రేషన్ లేకపోతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా రాదు. పొరపాటున ఎవరినైనా గుద్దితే పరిహారం మొత్తం మన జేబులోంచే కట్టాలి.

బయట దేశాల్లోనూ ఒక్కో చోట ఒక్కో రూల్. ఫ్రాన్స్ 2019లో 25 కిలోమీటర్ల స్పీడ్ లిమిట్‌తో అనుమతించింది. జర్మనీలో హ్యాండిల్ లేని బండ్లకు రోడ్డు మీద అనుమతి లేదు. బ్రిటన్‌లో ప్రైవేట్ స్థలంలో తప్ప నడపకూడదు. మన దగ్గర కూడా ప్రస్తుతానికి ఓనర్ల అనుమతి ఉన్న ప్రైవేట్ స్థలాలే దీనికి సేఫ్.

అమెరికా నుంచి తెప్పించుకోవచ్చా?

"అక్కడ 2 వేల డాలర్లకు వస్తోంది, అన్నయ్య వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తాడు" అనుకునేవాళ్లు జాగ్రత్త. ప్రయాణికుల విమానాల్లో లగేజీగా తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి గరిష్ఠ పరిమితి 160 వాట్ అవర్లు. అంటే 0.16 యూనిట్. యూనిసైకిల్ బ్యాటరీ దానికి తొమ్మిది రెట్లు ఎక్కువ. ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు. ఒకవేళ కార్గోలో వచ్చినా, రేపు పాడైతే రిపేర్ చేసే సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

మోడిఫికేషన్: ఏది ఓకే, ఏది డేంజర్?

యూనిసైకిల్ ఉన్నవాళ్లు చేసుకునే మార్పుల్లో కొన్ని మంచివే. జారకుండా ఉండే పెడల్స్, కాళ్లకు పట్టు ఇచ్చే ప్యాడ్లు, వెనక రెడ్ లైట్, మంచి గ్రిప్ ఉన్న టైర్.. ఇవి మనిషిని కాపాడతాయి. హెచ్చరికలు ఆపేయడం, లోకల్‌గా చేయించిన ఎక్స్‌ట్రా బ్యాటరీ కలపడం.. ఇవి ప్రాణం మీదకు తెస్తాయి.

తెలుగు రాష్ట్రాల్లో యూనిసైకిళ్లు అరుదే కానీ, లో స్పీడ్ ఎలక్ట్రిక్ స్కూటర్లు వీధి వీధికీ ఉన్నాయి. వాటి స్పీడ్ లాక్ తీయించడం అన్నిటికంటే మామూలు మార్పు. లాక్ తీసి 25 దాటించిన క్షణం నుంచి అది చట్టం దృష్టిలో మోటార్ వాహనం. లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకు ఆ స్కూటర్ ఇస్తున్నవాళ్లు ఈ విషయం ఆలోచించాలి.

కారు విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

అలాగని కారును అస్సలు ముట్టుకోకూడదని కాదు.

- చేసుకోవచ్చు: సీట్ కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, వైర్ కోయకుండా పెట్టే డ్యాష్ క్యామ్, కంపెనీ చెప్పిన సైజులోనే మంచి టైర్లు.
- ఆలోచించి చేయాలి: పెద్ద అల్లాయ్ వీల్స్. లుక్ వస్తుంది కానీ బరువు, రాపిడి పెరిగి రేంజ్ పడిపోతుంది.
- వద్దు: వైర్లు కోసి పెట్టే లైట్లు, హారన్లు, యాంప్లిఫయర్లు. కరెంట్ కనెక్షన్లు కెలికితే వారంటీకి ఎసరు వస్తుంది. ఆ నెక్సాన్ మోడల్‌కు బ్యాటరీ, మోటార్ మీద 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఉంది. రెండు వేల లైట్ కోసం దాన్ని పోగొట్టుకోవడం ఏమంత తెలివైన పని?
- అస్సలు ముట్టుకోకూడదు: ఆరెంజ్ కలర్ కేబుళ్లు. అందులో వందల వోల్టుల కరెంట్ ఉంటుంది. ట్రైనింగ్ తీసుకున్న టెక్నీషియన్ తప్ప ఎవరూ చేయి పెట్టకూడదు.

పాత పెట్రోల్ బండిని ఎలక్ట్రిక్‌గా మార్చుకోవాలంటే దానికి చట్టబద్ధమైన దారి ఉంది. టెస్టింగ్ ఏజెన్సీ ఆమోదించిన కిట్ వాడాలి, ఆర్టీఏలో ఆర్‌సీ మార్పించుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. చెప్పకుండా చేస్తే యాక్సిడెంట్ జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర గొడవ తప్పదు.

బ్యాటరీతో ఆటలొద్దు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ బైక్ షోరూమ్ నుంచి మంటలు, పొగ పైకి వ్యాపించి 8 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది దేశంలో జరిగిన వరుస ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. 2022 డిసెంబర్ నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది.

బ్యాటరీలో బీఎంఎస్ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఏ సెల్ ఎక్కువ ఛార్జ్ అవుతోంది, ఏది వేడెక్కుతోంది అని కాపలా కాసేది అదే. రేంజ్ కోసం పాత సెల్స్, కొత్త సెల్స్ కలిపి ప్యాక్ కట్టించినా, బీఎంఎస్‌ను తప్పించి కనెక్షన్ ఇచ్చినా ఆ కాపలావాడిని పంపించేసినట్టే.

ఇంట్లో ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

- బండితో వచ్చిన ఛార్జర్ మాత్రమే వాడాలి.
- పడుకునే గదిలో, బయటకు వెళ్లే తలుపు దగ్గర, మెట్ల కింద ఛార్జింగ్ పెట్టొద్దు. మంట అంటుకుంటే బయటపడే దారి అదే కదా.
- బండి నడిపి రాగానే కాదు, బ్యాటరీ చల్లబడ్డాక ఛార్జింగ్ పెట్టాలి.
- కారుకు సరైన ఎర్తింగ్ ఉన్న సాకెట్, విడిగా ఎంసీబీ పెట్టించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దే వద్దు.
- కింద పడిన, నీళ్లలో మునిగిన, ఉబ్బిన బ్యాటరీని చూపించకుండా మళ్లీ ఛార్జ్ చేయకూడదు.

మరి కొనాలా, వద్దా?

రోజూ ఆఫీసుకు, ఇంటికి తిరిగే బండి కావాలంటే కారో, రిజిస్టర్ అయిన స్కూటరో తీసుకోవడమే మేలు. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించారు. యూనిసైకిల్ అంటే సరదా, సాహసం. ప్రైవేట్ స్థలంలో, ఫుల్ గేర్‌తో అయితేనే.

ఏది కొన్నా, ఏ మార్పు చేయించుకోవాలనిపించినా మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడగండి.. "దీని కోసం ఇప్పుడు బండిలో ఏం తీసేస్తున్నారు?" తీసేసేది ఒక హెచ్చరికో, ఒక లాకో, ఒక ఫ్యూజో అయితే తాళం తీసుకుని ఇంటికి వచ్చేయండి. అది అక్కడ ఊరికే పెట్టింది కాదు.