మూత్రపిండాలు, రక్తపుపోటు, రోజా

రమజాన్ సమీపించగానే చాలామంది రోగులు అడిగే ప్రశ్న ఒకటున్నది: "నాకు రక్తపుపోటు ఉన్నది. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయన్నారు. రోజా ఉండవచ్చునా?" దీనికి జవాబు తెలియాలంటే ముందుగా ఆ అవయవాలు చేసే పని తెలియాలి.

వెన్నెముకకు ఇరువైపులా, పిడికిలి పరిమాణంలో రెండు మూత్రపిండాలు ఉంటాయి. గుండె పంపే రక్తంలో సుమారు ఐదవవంతు వీటికే చేరుతుంది. ఒక్కొక్కదానిలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉన్నాయి. ప్రతి నెఫ్రాన్ మొదట సన్నని రక్తనాళాల గుచ్ఛం ఒకటి ఉంటుంది. రక్తపు ఒత్తిడి వలన నీరు, లవణాలు, చక్కెర, యూరియా దానినుండి వడకట్టబడతాయి. రక్తకణాలు, మాంసకృత్తులు రక్తంలోనే నిలిచిపోతాయి. ఈ విధంగా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకట్టబడుతుంది. అందులో శరీరానికి కావలసినదంతా తిరిగి రక్తంలో చేరగా, మూత్రంగా వెలువడేది ఒకటిన్నర లీటరు మాత్రమే! సృష్టికర్త ఏర్పాటులోని ఈ పొదుపు ఎంత ఆశ్చర్యకరమైనది!

వడపోతకు ఒత్తిడి అవసరం గనుక, ఆ ఒత్తిడిని కాపాడే బాధ్యత కూడా మూత్రపిండాలదే. రక్తప్రవాహం తగ్గితే అవి 'రెనిన్' అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దానిని 1898లో స్వీడన్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కనుగొన్నారు. రెనిన్ ప్రభావం వలన రక్తంలో యాంజియోటెన్సిన్ తయారై, రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. ఉప్పును, నీటిని శరీరంలో నిలుపుతుంది. ఫలితంగా పోటు పెరుగుతుంది.

అయితే పోటు ఏళ్ల తరబడి హెచ్చుగా ఉంటే ఆ సున్నితమైన గుచ్ఛాలే చెడిపోతాయి. చెడిన మూత్రపిండం పోటును మరింత పెంచుతుంది. తొలిదశలో నొప్పి గాని, బాధ గాని ఉండకపోవడమే ఇందులోని ప్రమాదం.

ఆరోగ్యవంతుడు రోజా ఉన్నప్పుడు మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచి నీటిని ఆదా చేస్తాయి. దెబ్బతిన్న మూత్రపిండాలకు ఈ శక్తి సన్నగిల్లుతుంది. అట్టివారికి పగలంతా నీరు లేకుండుట హానికరం కావచ్చు. కనుక వారు రమజాన్‌కు ముందే వైద్యుని సంప్రదించి రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. మాత్రలను తమంతట తాము మానరాదు, వేళలు మార్చరాదు.

దివ్యఖుర్ఆన్ 'అల్ బఖరా' అధ్యాయంలో రోగికి మినహాయింపు స్పష్టంగా ఉన్నది. కోలుకున్నవారు తరువాత ఆ రోజాలు పూర్తిచేయాలి. కోలుకునే ఆశ లేనివారు పేదలకు అన్నం పెట్టాలని అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. ఈ సౌలభ్యాన్ని స్వీకరించుట భక్తిలోపం కాదు. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్; దానిని కాపాడుట కూడా విధేయతే.