సిర్రోసిస్ రోగికి వేసే స్కోరు ఏమి చెబుతుంది?



లివర్ జబ్బుతో చేరిన రోగి బంధువులు డాక్టరుగారిని అడగలేని ప్రశ్నను వరండాలో మమ్మల్ని అడుగుతుంటారు: "సిస్టర్, మా ఆయన ఇంకా ఎన్నాళ్ళుంటారు?" రోజులు లెక్కపెట్టి చెప్పడం ఎవరివల్లా కాదు. అయితే జబ్బు ఎంత ముదిరిందో కొలవడానికి డాక్టర్లు ముఖ్యంగా రెండు స్కోర్లు వాడతారు. వాటి అర్థం తెలిస్తే కుటుంబానికి మేలు.

సిర్రోసిస్ అంటే ఏమిటి?

మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, లివర్‌లో కొవ్వు వంటి కారణాలతో ఏళ్ళ తరబడి దెబ్బతిన్న లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడమే సిర్రోసిస్.

చైల్డ్-పగ్ స్కోరు

1964లో చైల్డ్, టర్కాట్ అనే అమెరికా సర్జన్లు మొదలుపెట్టిన ఈ పద్ధతిని 1973లో లండన్‌లో పగ్, ఆయన సహచరులు సవరించారు. ఇందులో ఐదు చూస్తారు: కామెర్లను తెలిపే బిలిరుబిన్, లివర్ తయారుచేసే అల్బుమిన్ అనే మాంసకృత్తు, రక్తం గడ్డకట్టే తీరును తెలిపే ఐఎన్ఆర్, పొట్టలో నీరు, మతి తడబడటం. ఒక్కొక్కదానికి 1 నుండి 3 మార్కులు. బడిలోలాగా కాదు, ఇక్కడ మార్కులు తక్కువైతేనే మంచిది.

ఉదాహరణకు ఒక రోగికి బిలిరుబిన్ 2.5 (2 మార్కులు), అల్బుమిన్ 3 (2), ఐఎన్ఆర్ 1.5 (1), పొట్టలో కొద్దిగా నీరు (2), మతి స్పష్టంగా ఉంది (1) అనుకుందాం. మొత్తం 8.

5-6 వస్తే ఎ తరగతి, 7-9 బి, 10-15 సి. పై రోగిది బి. ఏడాది తర్వాత జీవించి ఉండేవారు ఎ తరగతిలో దాదాపు అందరూ, బిలో నూటికి సుమారు 80 మంది, సిలో సుమారు 45 మంది అని వైద్య గ్రంథాల లెక్క.

మెల్డ్ స్కోరు

ఇది 2000లో అమెరికాలోని మేయో క్లినిక్ నుండి వచ్చింది. బిలిరుబిన్, ఐఎన్ఆర్‌లతోపాటు మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ కలిపి లెక్కకడతారు. తర్వాత సోడియం కూడా చేర్చారు. ఇది 6 నుండి 40 వరకు ఉంటుంది, రాబోయే మూడు నెలల ప్రమాదాన్ని తెలుపుతుంది. 2002 నుండి అమెరికాలో లివర్ మార్పిడి ఎవరికి ముందు చేయాలో దీన్నిబట్టే నిర్ణయిస్తున్నారు.

రెండు పొరపాట్లు

"సి" అనగానే కొందరు ఆశ వదులుకుని, మందులు ఆపి, రోగిని పసరు వైద్యానికి తీసుకుపోతారు. "ఎ" అనగానే కొందరు రోగులు ధైర్యం తెచ్చుకుని మళ్ళీ మద్యం ముట్టుకుంటారు. రెండూ ప్రాణాలు తీసేవే. స్కోరు వందమంది గురించి చెబుతుంది. ఆ వందలో మీ మనిషి ఎటువైపు ఉంటారో అది చెప్పలేదు.

పైగా స్కోరు మారుతుంది. మద్యం పూర్తిగా మానిన వారిలో కొందరికి కొన్ని నెలల్లో పొట్టలో నీరు తగ్గి, సి నుండి బికి, ఎకి వచ్చినవారు ఉన్నారు. హెపటైటిస్ బిని అదుపులో ఉంచే మాత్రలు, సిని నయం చేసే మాత్రలు ఉన్నాయి. అలాగే ఒక్క ఇన్ఫెక్షన్‌తో స్కోరు పెరిగిపోవచ్చు కూడా.

ఇంట్లో పాటించవలసినవి

* మద్యం చుక్క కూడా వద్దు.
* ఉప్పు తగ్గించండి. పత్యం పేరుతో పప్పు, గుడ్డు, పాలు మాన్పించకండి.
* ఒళ్ళు నొప్పులకు, నిద్రకు సొంతంగా మాత్రలు కొని వేయకండి. నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, నిద్ర మాత్రలు మతిని మరింత తప్పిస్తాయి.
* రక్తపు వాంతి, నల్లని విరేచనం, జ్వరం, కడుపునొప్పి, మూత్రం తగ్గడం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఈసారి పరీక్షకు వచ్చినప్పుడు పాత రిపోర్టులన్నీ తెచ్చుకోండి. "ఎన్నాళ్ళు?" అని వరండాలో అడగడం కంటే, డాక్టరుగారినే అడగండి: "స్కోరు ఎంత ఉంది? క్రిందటిసారి ఎంత? తగ్గడానికి మేమేం చేయాలి? లివర్ మార్పిడి గురించి ఇప్పుడే ఆలోచించాలా?" అడగడానికి సంకోచమైతే మాతో చెప్పండి, మీ పక్కన నిలబడి మేము అడుగుతాము.