పాత మోటారు సైకిళ్ళలో చక్రాల మార్పిడి

పాత మోటారు సైకిళ్ళలో చక్రాల మార్పిడి అనగా తయారీలో అమర్చిన చక్రాలను తొలగించి, వేరొక నమూనాకు చెందిన లేదా వేరొక కొలత గల చక్రాలను బిగించుట. రిమ్ములు తుప్పు పట్టి అదే కొలతవి దొరకనపుడు, లేదా మెరుగైన బ్రేకు కావాలనుకున్నపుడు యజమానులు ఈ పని చేయిస్తారు. చక్రం ఇరుసులో సులువుగా కూర్చున్నంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. బ్రేకు, స్పీడోమీటరు రెండూ చక్రం మీద ఆధారపడినవే కనుక మార్పిడి తరువాత ఈ రెండింటిలో సమస్యలు తలెత్తుట సర్వసాధారణం. స్పీడోమీటరు తప్పు చూపిస్తే జరిగే నష్టం కొంతవరకే. బ్రేకు ప్లేటు సరిగా నిలవకపోతే మాత్రం ప్రాణాపాయం.

నేపథ్యం

1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ తయారుచేసిన బుల్లెట్ 350 ఇందుకు మంచి ఉదాహరణ. దశాబ్దాల పాటు ఈ వాహనం 19 అంగుళాల చువ్వల చక్రాలతో వెలువడింది. బుల్లెట్ బండ్లలో 6 అంగుళాల డ్రమ్ములు, 7 అంగుళాల డ్రమ్ములు రెండూ కనిపిస్తాయి. తరువాతి నమూనాలలో ముందు చక్రానికి డిస్కు బ్రేకు వచ్చింది. ఒక కాలపు చక్రాన్ని మరొక కాలపు బండికి బిగించినపుడు ఈ తేడాలు బయటపడతాయి. ఈ వ్యాసం డ్రమ్ము బ్రేకులకు పరిమితం.

బ్రేకు సమస్యలు

బ్రేకు ప్లేటు నిలుపుదల: బ్రేకు వేసినపుడు షూలను మోసే ప్లేటు కూడా చక్రంతో పాటు తిరగాలని చూస్తుంది. దానిని ఆపుటకు ఫోర్కు కాలి మీది ముక్కు ప్లేటులోని గాడిలో కూర్చోవాలి, లేదా ఒక కమ్మీ ప్లేటును ఫోర్కుకు బంధించాలి. కొత్త చక్రపు ప్లేటులో గాడి వేరొక చోట ఉంటే దానిని అలాగే వదిలివేయరాదు. ఇరుసు నట్టు బిగుతు మాత్రమే ప్లేటును ఆపలేదు. గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో ప్లేటు తిరిగి, కేబులు తెగి, చక్రం బిగుసుకుపోవచ్చు. తగిన కమ్మీ అమర్చనిదే బండిని రోడ్డు మీదకు తీయరాదు.

షూల దిశ: రెండు షూలూ చక్రం తిరిగే దిశకు ఎదురుగా ఒరుసుకొనే రకం బ్రేకులో, చక్రపు కదలికే షూలను డ్రమ్ము వైపు మరింత లాగుతుంది. అటువంటి ప్లేటును ఎడమ, కుడి తారుమారు చేసి బిగిస్తే ఈ సహాయం పోయి బ్రేకు చాలా బలహీనపడుతుంది. ఈ రకంలో రెండు కాములను కలిపే కడ్డీని, రెండు షూలూ ఒకేసారి డ్రమ్మును తాకేలా సరిచేయాలి.

డ్రమ్ము గుండ్రదనం: చువ్వలు బిగించినపుడు ఆ లాగుడుకు డ్రమ్ము కొద్దిగా వంకర పోవచ్చు. బ్రేకు వేసినపుడు పిడి లయగా తన్నినట్లుంటే కారణం ఇదే కావచ్చు. అందుచేత చువ్వలు బిగించి రిమ్మును సరిచేసిన తరువాతే డ్రమ్మును లేతు మీద పట్టించాలి. కొత్త లైనింగులను కూడా డ్రమ్ము వంపుకు తగినట్లు అరగదీయాలి.

ప్లేటును మధ్యకు తెచ్చుట: ఇరుసు నట్టు వదులుగా ఉండగా చక్రాన్ని తిప్పి, బ్రేకు గట్టిగా పట్టి, పట్టు వదలకుండా నట్టు బిగించాలి. దీని వలన షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి.

బ్రేకు చేయి కోణం: బ్రేకు పూర్తిగా పట్టినపుడు బ్రేకు చేయికి, కేబులుకు మధ్య కోణం 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. చేయి అంతకు మించి తిరిగితే ఎంత లాగినా బలం తగ్గుతుంది. వెనుక చక్రంలో గొలుసు బిగించినపుడల్లా ఇరుసు వెనక్కు జరుగుతుంది కనుక బ్రేకు కడ్డీని మళ్ళీ సరిచూడాలి.

జాగ్రత్త: పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ములోని పొడిని గాలితో ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి.

స్పీడోమీటరు సమస్యలు

పాత స్పీడోమీటరులో కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం తన చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెను తాకకుండానే తనతో లాగుతుంది, సన్నని స్ప్రింగు దానిని వెనక్కు లాగుతుంది. ఈ రెంటి సమతూకమే ముల్లు చూపే వేగం. కిలోమీటర్ల అంకెలు మాత్రం పళ్ళ చక్రాలతో నేరుగా తిరుగుతాయి. దీని నుండి లోపాన్ని ఇట్లు గుర్తించవచ్చు.

* ముల్లు, అంకెలు రెండూ కదలకపోతే: కేబులు తెగినది, లేదా హబ్ వద్ద డ్రైవు పట్టుకోలేదు. డ్రైవులోని చెవులు హబ్ గాళ్ళలో కూర్చోకుండా ఇరుసు బిగిస్తే అవి నలిగిపోతాయి.
* అంకెలు తిరిగి ముల్లు కదలకపోతే: లోపం మీటరు లోపల ఉన్నది.
* ముల్లు సున్నా దగ్గరే నొక్కుకొని ఉంటే: డ్రైవును రెండవ పక్కన బిగించుట వలన కేబులు వెనక్కు తిరుగుతూ ఉండవచ్చు.
* ముల్లు ఊగుతుంటే: కేబులు ఎక్కువగా వంగినది, లేదా ఎండిపోయినది. గ్రీజును కేబులు కింది భాగానికే రాయాలి. పై చివర రాస్తే అది మీటరులోకి చేరుతుంది.

డ్రైవు గేరు పెట్టె నుండి వచ్చే బండ్లలో ముందు చక్రం మారిస్తే మీటరు మీద ప్రభావం ఉండదు, వెనుక చక్రం మారిస్తే ఉంటుంది.

కొలత తేడా లెక్క

టైరు ఎత్తు దాని వెడల్పుతో సమానమని భావిస్తే చుట్టుకొలతలు ఇట్లుంటాయి.

* 3.25-19 టైరు: 2.035 మీటర్లు, కిలోమీటరుకు 491 చుట్లు
* 3.25-18 టైరు: 1.955 మీటర్లు, కిలోమీటరుకు 512 చుట్లు
* 3.25-16 టైరు: 1.795 మీటర్లు, కిలోమీటరుకు 557 చుట్లు

డ్రైవు, మీటరు మార్చకుండా 19 అంగుళాల చక్రం బదులు 18 అంగుళాలది వేస్తే, బండి 60 కి.మీ. వేగంతో పోవునపుడు మీటరు సుమారు 62 చూపిస్తుంది. 16 అంగుళాలది వేస్తే 68 చూపిస్తుంది. చిన్న చక్రం నుండి పెద్ద చక్రానికి మారితే మీటరు తక్కువ చూపిస్తుంది. ఇదే ఎక్కువ ప్రమాదకరం, ఏలననగా నడిపేవాడు తాను నెమ్మదిగా పోతున్నానని భ్రమపడతాడు.

అసలు తేడా తెలుసుకొనుటకు రహదారి పక్క కిలోమీటరు రాళ్ళ ప్రకారం 10 కి.మీ. నడిపి అంకెలను చూడాలి. మీటరు 11.3 చూపిస్తే కేబులు 1.13 రెట్లు తిరుగుతున్నట్లు. అప్పుడు 10ని 11.3తో భాగించగా వచ్చే 0.885 నిష్పత్తి గల చిన్న గేరు పెట్టెను కేబులు మధ్యన అమర్చాలి, లేదా తగిన డ్రైవును వెతకాలి. అంకెలు సరిగా ఉండి ముల్లు మాత్రమే తప్పు చూపిస్తే మీటరు బాగుచేసేవారి వద్దకు తీసుకువెళ్ళాలి.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. చక్రపు కొలత మార్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించుట మంచిది.

చివరి పరీక్ష

పని ముగిసిన తరువాత చక్రాన్ని పైకెత్తి స్వేచ్ఛగా తిరుగుతున్నదో లేదో చూడాలి. వాహనాలు తిరగని చోట నెమ్మదిగా నడుపుతూ ఒక్కొక్క బ్రేకునూ విడిగా పరీక్షించాలి. 50 కి.మీ. తిరిగిన పిమ్మట చువ్వలు, ఇరుసు నట్లు, ప్లేటును పట్టే కమ్మీ మరలా సరిచూడాలి.

ఇవి కూడా చూడండి

* రాయల్ ఎన్‌ఫీల్డ్
* మోటారు సైకిలు
* బ్రేకు