వాల్యూమ్ 100 పెట్టినా కంప్యూటర్‌లో సౌండ్ రావట్లేదా? రిపేర్ షాపుకు వెళ్లే ముందు ఇవి చూడండి!

వీడియో ప్లే అవుతోంది. వాల్యూమ్ 100లో ఉంది. స్పీకర్ లైటు కూడా వెలుగుతోంది. కానీ సౌండ్ మాత్రం లేదు! ఇంకో పది నిమిషాల్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. స్పీకర్లు పోయాయనుకుని కొత్తవి కొనేవాళ్లు, సీపీయూను బండి మీద పెట్టుకుని షాపుకు తీసుకెళ్లేవాళ్లు ఉంటారు. చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఫోన్‌లో అయితే పక్కనున్న బటన్ నొక్కితే పని అయిపోతుంది. డెస్క్‌టాప్‌లో అలా కాదు. వీడియో ప్లేయర్‌కు ఒక వాల్యూమ్, యాప్‌కు ఒకటి, విండోస్‌కు ఒకటి, స్పీకర్ మీద తిప్పే నాబ్ ఇంకొకటి. ఒకే పైపుకు వరుసగా నాలుగు ట్యాపులు బిగించినట్టు అన్నమాట. ఏ ఒక్కటి కట్టేసి ఉన్నా మిగతా మూడూ ఫుల్లుగా తిప్పి లాభం లేదు.

అయితే ముందు చూడాల్సింది వాల్యూమ్ కాదు.. సౌండ్ అసలు ఎటు వెళ్తోందన్నది. మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే అందులో బొమ్మతో పాటు సౌండ్ కూడా వెళ్తుంది. దాంతో విండోస్ ఒక్కోసారి మానిటర్‌నే స్పీకర్ అనుకుని సౌండ్ మొత్తం అటు పంపేస్తుంది. ఆ మానిటర్‌లో స్పీకర్లే లేకపోతే అంతా నిశ్శబ్దం! విండోస్ 11లో టాస్క్‌బార్ కుడి చివరున్న స్పీకర్ గుర్తు మీద క్లిక్ చేసి, వాల్యూమ్ గీత పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే డివైస్‌ల లిస్టు వస్తుంది. మానిటర్ పేరు సెలెక్ట్ అయి ఉంటే 'స్పీకర్స్' ఎంచుకోండి. ఎప్పుడో కలిపిన బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పక్క గదిలో ఆన్‌లో ఉండిపోయినా ఇదే తంతు.

ఇక వైర్లు. చిన్న స్పీకర్లకు సాధారణంగా రెండు వైర్లు వస్తాయి. యూఎస్‌బీ వైరు చాలా మోడళ్లలో కరెంటు కోసమే. సౌండ్ వచ్చేది 3.5 ఎంఎం పిన్ నుంచి. కాబట్టి లైటు వెలిగిందంటే కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. ఆ పిన్‌ను సీపీయూ వెనకాల ఆకుపచ్చ రంగు పోర్టులో పూర్తిగా నొక్కి పెట్టాలి. గులాబీ రంగుది మైక్ కోసం.

యూట్యూబ్‌లో వస్తోంది, మీటింగ్ యాప్‌లో రావట్లేదు అంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, ఆ తర్వాత వాల్యూమ్ మిక్సర్ ఓపెన్ చేయండి. ఏ యాప్ ఎంతలో ఉందో విడివిడిగా కనిపిస్తుంది. క్రోమ్‌లో ఒక్క సైటే మూగబోతే, ఆ ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌మ్యూట్ సైట్' కొట్టండి.

కాల్ మాట్లాడుతుంటే పాటల సౌండ్ దానంతటదే తగ్గిపోతోందా? అది రిపేర్ కాదు, విండోస్ పెట్టిన ఏర్పాటే. కాల్ వచ్చిందని గుర్తిస్తే మిగతా సౌండ్లను 80 శాతం తగ్గించేస్తుంది. అదే సౌండ్ పేజీలో కింద 'మోర్ సౌండ్ సెట్టింగ్స్'లోకి వెళ్లి, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో 'డూ నథింగ్' పెడితే చాలు.

అక్కడే ప్లేబ్యాక్ ట్యాబ్ కూడా ఉంటుంది. వీడియో ప్లే చేసి చూడండి. మీ స్పీకర్స్ పేరు పక్కన ఆకుపచ్చ గీతలు పైకీ కిందకీ కదులుతుంటే విండోస్ తన పని చేస్తున్నట్టే.. తేడా పిన్నులోనో, పోర్టులోనో, స్పీకర్‌లోనో ఉంది. ఇయర్‌ఫోన్స్‌ను అదే పోర్టులో పెట్టి వింటే ఆ సంగతీ తేలిపోతుంది. అసలు ఏ డివైస్ పక్కనా గీతలు కదలకపోతే, డివైస్ మేనేజర్‌లో ఆడియో డ్రైవర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. మామూలుగా విండోస్ దాన్ని మళ్లీ తనే వేసుకుంటుంది. కొత్త డ్రైవర్ కావాలంటే కంప్యూటర్ లేదా మదర్‌బోర్డు కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. 'ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లు అప్‌డేట్' అని ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఇవన్నీ చేసినా రాలేదా? బోర్డులోని సౌండ్ చిప్ పోయి ఉండొచ్చు. అప్పుడు కూడా మదర్‌బోర్డు మార్చాలని ఎవరైనా చెబితే కాస్త ఆగండి. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో, చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డులో సొంత చిప్ ఉంటుంది. బోర్డుది పనిచేయకపోయినా వాటిలో సౌండ్ వస్తుంది.