పాత జీపు కొండ ఎలా ఎక్కుతుంది?

బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి రాళ్ల దారిలో జీపులే వెళ్తాయి. కారు ఆగిపోయే చోట జీపు ఎలా ఎక్కుతుంది?

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనాన్ని స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ మండిస్తుంది. చాలా జీపుల్లో ఉండే డీజిల్ ఇంజన్‌లో ఆ ప్లగ్ ఉండదు. గాలిని సుమారు 20వ వంతుకు నొక్కేస్తే అది డీజిల్‌ను మండించేంత వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడితే అడుగుభాగం వేడెక్కినట్టే! ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మగానే మండుతుంది. ఈ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గట్టిగా లాగుతుంది.

మామూలు కారులో ఇంజన్ బలం రెండు చక్రాలకే అందుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో నాలుగింటికీ అందుతుంది. ఒకటి బురదలో జారినా మరొకటి పట్టు దొరకబుచ్చుకుంటుంది. ‘లో’ గేరు వేస్తే వేగం తగ్గి, లాగే బలం పాత జీపుల్లో సుమారు రెండున్నర రెట్లవుతుంది.

మరి పాత బండి ఎందుకు? అందులో ఎలక్ట్రానిక్స్ తక్కువ. పల్లెటూరి మెకానిక్ కూడా స్పానర్లతో బాగుచేయగలడు.

పాత జీపు కొనేముందు ఏం చూడాలి? రంగు కాదు, కిందికి వంగి ఛాసిస్ (అడుగు చట్రం) చూడాలి. అది తుప్పు పట్టి ఉంటే వద్దు. పొగ నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోందని అర్థం. ఫోర్ వీల్ లీవరు నిజంగా పడుతుందో లేదో మట్టిదారిలో నడిపి చూడాలి.

ఒక హెచ్చరిక: వాగు దాటేటప్పుడు ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి నీళ్లు పోకూడదు. గాలిలా నీళ్లు అణగవు. ఇంజన్ లోపలి కడ్డీలే వంగిపోతాయి!